పొల్లు మీట: 2,150 రూపాయల మెకానికల్ కీబోర్డుతో నాలుగు నెలలు

జూన్ 9

నా టైపింగ్ షాపులో చేసిన 250 పెళ్లి పత్రికల మీద "సుబ్రహమణ్యం" అని అచ్చయింది. హ కింద ఉండాల్సిన మ ఒత్తు లేదు. ప్రూఫు నేను చూశాను, పెళ్లివారిలో ఇద్దరు చూశారు, ఎవరికీ కనబడలేదు. అది పెళ్లికుమారుడి తాతగారి పేరు. ఆయన పత్రిక చేతిలోకి తీసుకుని, చూపుడు వేలు ఆ అక్షరం పక్కన ఆనించి అలాగే కూర్చున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. అన్నీ మళ్లీ వేయించి ఇచ్చాను. పత్రికకు 8 రూపాయల చొప్పున 2,000 రూపాయలు నా చేతి నుంచి పోయాయి.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. నేను ఇన్‌స్క్రిప్ట్ అమరికలో టైపు చేస్తాను. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన అమరిక ఇది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. పొల్లు డి మీట మీద ఉంటుంది. ఒత్తు రావాలంటే పొల్లు కొట్టి తీరాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి ఆరు మీటలు పడితే అందులో రెండు పొల్లులే. "సుబ్రహ్మణ్యం"లో మూడు. నా పాత రబ్బరు కీబోర్డులో డి మీట మెత్తబడి, గట్టిగా అదిమితే తప్ప పలకడం లేదు. ఆ రోజు మూడింటిలో ఒకటి పలకలేదు.

ఇలాంటి 450 రూపాయల కీబోర్డులు రెండేళ్లలో మూడు కొన్నాను. మూడింటిలోనూ ముందుగా పోయింది డి మీటే.

జూన్ 13

మా అక్క కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు మా ఇంటికి వచ్చాడు. వాడికి గేమింగ్ కీబోర్డు కావాలి. నాకు పొల్లు పలికే కీబోర్డు కావాలి. "మావయ్యా, ఆటలో కుడివైపు నడవాలంటే నేను కొట్టేది కూడా డి మీటే" అన్నాడు. డబ్ల్యూ, ఏ, ఎస్, డి అనే నాలుగు మీటలతోనే ఆటలో మనిషిని నడిపిస్తారట. ఆ మాటతో ఇద్దరం కలిసి ఒకటే కొనాలని నిశ్చయించుకున్నాం. వాడు దాచుకున్న 700 ఇస్తానన్నాడు, మిగిలింది నాది. వాడు సెలవుల్లో ఆడుకుంటాడు, మిగతా రోజులు అది నా షాపులో ఉంటుంది.

రెండు సాయంత్రాలు వెతికాం. మెకానికల్ అంటే ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్ ఉండాలి. ఇక్కడ ఒక మోసం గమనించాను. పెట్టె మీద "గేమింగ్" అని, "మెకానికల్ అనుభూతి" అని రాసి, రంగురంగుల లైట్లు పెట్టి అమ్మేవాటిలో చాలావరకు లోపల ఉన్నది పాత రబ్బరు పొరే. అనుభూతి అనే మాట కనబడితే అది మెకానికల్ కాదని అర్థం. బొమ్మలో ఒక మీట టోపీ, అంటే వేలు తాకే పై తొడుగు, తీసి చూపించారేమో చూడాలి. కింద చతురస్రాకారపు ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో చిన్న కాడ ఉంటేనే అది అసలైన స్విచ్.

ఈ స్విచ్ రూపం జర్మనీకి చెందిన చెర్రీ సంస్థది. 1980ల నుంచి వాళ్లు ఎంఎక్స్ పేరుతో తయారు చేస్తున్నారు. 2010 దశకం మధ్యలో పేటెంటు గడువు ముగిశాక చైనా కంపెనీలు అదే కొలతలతో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు 8,000, 10,000 పెట్టాల్సిన వస్తువు 2,000కు దిగి రావడానికి ముఖ్య కారణం అదే. కాబట్టి ఇంత తక్కువకు ఎలా ఇస్తున్నారని అనుమానించనక్కరలేదు. దేన్ని తగ్గించి ఇస్తున్నారన్నది మాత్రం కనిపెట్టాలి.

87 మీటలు, నీలం స్విచ్‌లు, స్విచ్‌లను టంకం లేకుండా పీకి మార్చుకునే సాకెట్లు ఉన్నది ఎంచుకున్నాం. 2,150 రూపాయలు. సాకెట్లు లేనిది 1,700కే దొరుకుతోంది. ఆ 450 తేడా దగ్గర చాలాసేపు ఆలోచించాను.

జూన్ 17

వచ్చింది. బరువుగా ఉంది, దాదాపు 800 గ్రాములు. పాతది వేళ్ల తాకిడికి బల్ల మీద జరిగిపోయేది, ఇది కదలదు.

వేళ్లకు తోచినదాన్ని నమ్మకుండా కొలవాలనుకున్నాను. గ్రాముల తూకం లేదు, కానీ నాణేలు ఉన్నాయి. పది రూపాయల నాణెం బరువు 7.71 గ్రాములు. 2011 నుంచి వస్తున్న రూపాయి నాణెం 3.79 గ్రాములు. ఒక మీట చుట్టూ ఉన్న టోపీలు పీకేసి, దాని మీద పది రూపాయల నాణేలు ఒక్కొక్కటిగా పేర్చుతూ ఎన్నో నాణేనికి అక్షరం పడుతుందో చూశాను. చేయి వణికితే లెక్క తప్పుతుంది కాబట్టి ఒక్కో మీటను మూడుసార్లు చేశాను.

నీలం స్విచ్ దారి మధ్యలో ఒక మిట్ట ఉంటుంది, అక్కడ టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ మిట్ట దాటడానికి 60 గ్రాముల బలం కావాలని ప్రకటన. 20 మీటలు పరీక్షించాను. ఏడు నాణేలకు, అంటే 54 గ్రాములకు ఏదీ లొంగలేదు. ఏడు నాణేల మీద ఒక రూపాయి పెట్టగానే నాలుగు మీటలు పలికాయి. పద్నాలుగు మీటలు ఎనిమిదో నాణేనికి, అంటే 62 గ్రాముల దగ్గర పలికాయి. రెండు మాత్రం తొమ్మిది అడిగాయి. పాత కీబోర్డులో ఎక్కువ మీటలు ఎనిమిది, తొమ్మిది నాణేల దగ్గర ఉంటే, డి మీటకు పదకొండు పెట్టాల్సి వచ్చింది. సుమారు 85 గ్రాములు. నా ఎడమచేతి నడిమివేలు ఏడాదిగా ఎందుకు నొప్పి పెడుతోందో ఆ నాణేల దొంతర చూశాక అర్థమైంది.

బలం కంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. రబ్బరు మీటను అడుగు దాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. ఈ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, అందులో సగం దారి దగ్గరే అక్షరం పడిపోతుంది. మిట్ట తగలగానే వేలు వెనక్కి తీసుకోవచ్చు. ఇది అలవాటు కావడానికి రోజులు పడుతుంది, కానీ పని అంతా వేళ్లతోనే చేసేవారికి డబ్బు పెట్టదగిన గుణం ఇదే.

జూన్ 18

ఇవాళ మేనల్లుడి వంతు. ఒకేసారి అనేక మీటలు నొక్కి పట్టుకుంటే అన్నీ నమోదవుతాయా లేదా అన్నది వాడి ప్రశ్న. ముందు పాత కీబోర్డు మీద చూపించాడు. డబ్ల్యూ, ఎడమ షిఫ్టు, స్పేసు కలిపి పట్టుకుని ఇంకో మీట నొక్కితే అది పడలేదు. రబ్బరు కీబోర్డులో మీటలన్నీ అడ్డగీతలు, నిలువుగీతలుగా అల్లిన వల మీద ఉంటాయి. మూడు మూలలు మూసుకుంటే నాలుగోది కూడా మూసుకున్నట్టే కంప్యూటర్‌కు కనిపిస్తుంది. ఆ పొరపాటు రాకుండా చవక కీబోర్డులు కొన్ని కలయికలను అసలు పట్టించుకోవు. కొత్తదానిలో ప్రతి మీటకూ కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు ఒకటి ఉంది, కాబట్టి ఆ పొరపాటు రాదు. పది వేళ్లతో పది మీటలు పట్టుకున్నాం, పదీ పడ్డాయి.

పెట్టె మీద సెకనుకు 1,000 సార్లు మీటలను చదువుతుందని పెద్ద అక్షరాలతో ఉంది. మామూలు కీబోర్డు 125 సార్లు చదువుతుంది. అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి చదివేది ఇక్కడ ఒక మిల్లీసెకనుకు ఒకసారి చదువుతుంది. తేడా 7 మిల్లీసెకన్లు. వాడి ఆటలో మా ఇంటి ఇంటర్నెట్ వెళ్లి రావడానికే 50 నుంచి 60 మిల్లీసెకన్లు పడుతోంది. తెరమీద ఏదో మెరిస్తే మనిషి వేలు కదలడానికి 200 దాకా పడుతుంది. "ఈ ఏడింటి కోసం 500 ఎక్కువ అడిగితే ఇస్తావా?" అని అడిగాను. ఆలోచించి, ఇవ్వనన్నాడు. ఊరికే వస్తే మంచిదే. దాని కోసం ధర పెంచితే మాత్రం ఒప్పుకోకూడదు.

లైట్ల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పద్దెనిమిది రకాలుగా మెరుస్తాయి. రాత్రి కరెంటు పోయి యూపీఎస్ మీద పని చేసేటప్పుడు తెల్లని వెలుగు ఒక్కటి సన్నగా పెట్టుకుంటే ఉపయోగం. మిగిలిన పదిహేడూ నాకు అక్కరలేదు.

జూన్ 29

మేనల్లుడు కాకినాడ వెళ్లిపోయాడు. ఆషాఢం వచ్చింది కాబట్టి పెళ్లి పత్రికలు లేవు. పంచాయతీ దరఖాస్తులు, కొబ్బరి వ్యాపారుల బిల్లులు, ఒక గురువుగారి పద్యాల పుస్తకం ఉన్నాయి. పరిశీలించడానికి మంచి సమయం.

పద్యాలు టైపు చేయడంలో ఈ కీబోర్డు అసలు విలువ తెలిసింది. సంయుక్తాక్షరాలు దట్టంగా పడే చోట పాత కీబోర్డు మీద ప్రతి ఒత్తుకూ తెర వైపు చూసేవాణ్ణి, పడిందో లేదోనని. ఇప్పుడు టక్కుమన్న చప్పుడు వినబడితే పడినట్టే. కళ్లు కాగితం మీదే ఉంటాయి. గురువుగారి చేతిరాత గొలుసుకట్టు, చూపు మళ్లితే పాదం తప్పిపోతుంది. ఆయన పద్యాలు 40 పేజీలు ఎనిమిది రోజుల్లో పూర్తయ్యాయి. ప్రూఫులో దిద్దినవి అంతకుముందు పుస్తకంతో పోలిస్తే సగం కూడా లేవు.

ఆ చప్పుడే ఇంట్లో ఇబ్బంది. షాపు మా ఇంటి వరండాలోనే. పక్క గదిలో అమ్మ పడుకుంటుంది. రాత్రి పదకొండుకు లేచి వచ్చి, "ఇంకా ఎంతసేపు నాన్నా" అంది. ఆవిడ అడిగింది పని గురించి కాదు, చప్పుడు గురించి. నీలం స్విచ్ కొనేవారు ఇంట్లో ఎవరి నిద్ర ఎలాంటిదో ముందు తెలుసుకోవాలి.

స్పేసు మీట, ఎంటరు మీట వేరే రకంగా గలగలమంటున్నాయి. పొడవు మీటలు ఒక పక్కకు ఒరగకుండా కింద తీగ ఒకటి ఉంటుంది. ఆ తీగ చివరలు ప్లాస్టిక్ గూళ్లలో వదులుగా ఉన్నాయి. ధర తగ్గించడానికి తయారీదారు ఎక్కడ చేయి బిగించాడో ఇక్కడ కనిపిస్తుంది. సిలికాన్ గ్రీజు కావాలి. పెట్రోలియం జెల్లీ లాంటివి కొన్ని ప్లాస్టిక్కులను, రబ్బరును పాడు చేస్తాయి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన మా వీధిలోనే ఉన్నారు. నీళ్లు చొరకుండా మోటారు రింగులకు ఆయన రాసేది సిలికాన్ గ్రీజే. అగ్గిపుల్ల మొనకు అంటినంత ఇచ్చారు. తీగ చివరలకు రాసి బిగించాను. గలగల పోయింది. మొత్తం పని నలభై నిమిషాలు.

జూలై 12

అంకెల మీటలు విడిగా లేకపోవడం కొబ్బరి బిల్లుల దగ్గర బాధగా ఉంది. లారీకి ఎన్ని కాయలు, వెయ్యికి ధర ఎంత, కూలి ఎంత, అన్నీ అంకెలే. పాత రబ్బరు కీబోర్డు అంకెల భాగం ఇంకా బాగానే ఉంది. దాన్ని రెండో యూఎస్‌బీలో పెట్టి కుడి పక్కన ఉంచాను. రెండూ కలిసి పనిచేస్తున్నాయి.

జూలై 30

శ్రావణం మొదలై అయిదు రోజులైంది. పెళ్లి పత్రికలు వరుసగా వస్తున్నాయి. మరో వైపు గోదావరి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. 13.75 దగ్గర రెండోది ఇస్తారు. లంకలో ఉండే ఒకాయన, కాజ్‌వే మునిగిపోయి రాలేక, కూతురి పెళ్లి పత్రిక విషయమంతా ఫోనులో చదివి చెప్పారు. నేను టైపు చేస్తూ ఉన్నాను. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అన్న చోట ల, క తర్వాత తెర మీద ఒత్తుకు బదులు చుక్కల వలయం వచ్చింది.

చుక్కల వలయం ఎప్పుడు వస్తుందో యూనికోడ్‌లో తెలుగు రాసేవారికి తెలుసు. ఒక పొల్లు మీద ఇంకో పొల్లు పడితే, దాన్ని మోయడానికి హల్లు లేక ఆ వలయం కనబడుతుంది. నేను ఒక్కసారే కొట్టాను. అది రెండుసార్లు పడింది.

గంటలో పదకొండు సార్లు అలా జరిగింది. కొన్న ఆరు వారాలకే ఇలా అయినందుకు చాలా బాధపడ్డాను. ఫోనులో ఆయన ఆగి ఆగి వింటున్నారు, నేను దిద్ది దిద్ది కొడుతున్నాను.

పెట్టె మీద ఒక్కో స్విచ్ 5 కోట్ల నొక్కులకు నిలుస్తుందని రాసి ఉంది. నా పేజీ ఒకటి లెక్కపెట్టాను. 1,640 నొక్కుల్లో 128 పొల్లులు. రోజుకు 18 పేజీలంటే సుమారు 2,300. ఆ లెక్కన 5 కోట్లు పూర్తి కావడానికి దాదాపు 60 ఏళ్లు పట్టాలి. ఆ సంఖ్య స్ప్రింగు అలసట గురించి చెబుతుందేమో కానీ, వరద వారంలో మా వరండా గాలి గురించి ఏమీ చెప్పదు. గోడకు అంటించిన క్యాలెండరు కాగితం మెత్తబడి వేలాడుతోంది. బీరువా తలుపు ఉబ్బి పట్టేసింది. రోడ్డుకు అవతల పీచు కొట్టే చోటి నుంచి వచ్చే కొబ్బరి పొడి ఆ చెమ్మకు తోడై అన్నిటి మీదా పేరుకుంటోంది.

ఆగస్టు 2

జబ్బు స్విచ్‌లో ఉందా, బోర్డులో ఉందా? బోర్డులో ఉంటే నేను చేయగలిగింది లేదు. మేనల్లుడికి ఫోను చేశాను. "డి స్విచ్ పీకి స్క్రోల్ లాక్ స్థానంలో పెట్టండి మావయ్యా, అక్కడిది ఇక్కడ పెట్టండి. జబ్బు ఎటు వెళ్తుందో చూడండి" అన్నాడు. స్క్రోల్ లాక్ నేను ఎన్నడూ నొక్కలేదు, కాబట్టి ఆ స్విచ్ కొత్తదానితో సమానం.

కీబోర్డుతో వచ్చిన పట్టకారుతో రెండూ పీకి మార్చాను. డి మీట హాయిగా పలికింది, వందసార్లు కొడితే వంద. స్క్రోల్ లాక్ నొక్కితే దీపం వెలిగి, వెంటనే ఆరింది. జబ్బు స్విచ్‌తో పాటే వెళ్లింది. బోర్డు బాగానే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత ఆ స్విచ్ విప్పాను. పై మూత నాలుగు కొక్కేల మీద ఉంటుంది, గడియారాల స్క్రూడ్రైవరుతో వచ్చేస్తుంది. లోపల స్ప్రింగు, రెండు ముక్కల కాడ, పక్కన రాగి రంగు రేకు. ఆ రేకు మీద అవతలి రేకును తాకే చోట నల్లటి మరక. ఏ స్విచ్‌లోనైనా రెండు లోహాలు తాకేటప్పుడు ఒకటి రెండు మిల్లీసెకన్లు ఎగిరి పడుతూనే ఉంటాయి. కీబోర్డు లోపలి చిప్పు సుమారు 5 మిల్లీసెకన్లు ఆగి ఆ ఎగురుడును లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తుంది. మరక ఉన్నప్పుడు ఆ తడబాటు అంతకంటే ఎక్కువసేపు సాగుతుంది. చిప్పు దాన్ని రెండో నొక్కు అనుకుంటుంది.

సన్నగా కత్తిరించిన కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రేకుల మధ్య నాలుగుసార్లు లాగాను. కాగితం మీద బూడిద రంగు చార వచ్చింది. తిరిగి బిగిస్తే బాగుంది.

ఆగస్టు 5

శుభ్రం చేసిన స్విచ్ మూడు రోజులకే మళ్లీ జోడు అక్షరాలు వేసింది. స్క్రోల్ లాక్ నుంచి తెచ్చినది ఇంకా బాగుంది. పక్కనున్న ఎఫ్ మీట, అంటే గుడి, ఒకసారి తడబడింది.

మేనల్లుడి సలహా మీద రెండో తేదీనే ఆర్డరు పెట్టి, కైల్ అనే కంపెనీ బాక్స్ రకం స్విచ్‌లు పది తెప్పించాను, 350 రూపాయలు. వీటిలో తాకే రేకులు లోపల ఇంకో చిన్న పెట్టెలో మూసి ఉంటాయి. దుమ్ము, నీటి తుంపరలకు ఐపీ56 స్థాయి రక్షణ ఉందని చెబుతారు. మా గాలికి సరిగ్గా కావాల్సింది ఇదే.

అవి దూరలేదు. నా కీబోర్డు సాకెట్లు సన్నకాళ్ల స్విచ్‌లకు మాత్రమే చేసినవి. ఈ స్విచ్‌ల కాళ్లు మామూలు మందం. అమ్మకం పేజీలో "స్విచ్‌లు మార్చుకోవచ్చు" అని ఉంది, ఏ స్విచ్‌లో రాయలేదు. ఆకురాయితో కాళ్లు అరగదీసి పెట్టేవారు ఉన్నారట. ఒక కాలు కొద్దిగా అరగదీసి చూశాను, బలవంతంగా దూరింది, కానీ సాకెట్ నోరు వెడల్పయితే రేపు సన్న కాలు అందులో నిలవదు. వెంటనే తీసేశాను.

సన్నకాళ్లవే పడతాయన్న ఒక్క వాక్యం అమ్మేవాడు రాసి ఉంటే నాకు 350 రూపాయలు, నాలుగు రోజులు మిగిలేవి. శ్రావణంలో నాలుగు రోజులంటే ఆరు పత్రికలు. నాకు చాలా కోపం వచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

ఆగస్టు 11

సన్నకాళ్ల రకంలోనే, కాడ చుట్టూ దుమ్ము పడకుండా చిన్న గోడ ఉన్న స్విచ్‌లు దొరికాయి. ఇరవై తెప్పించాను, 380 రూపాయలు. చప్పుడు చేయనివి, దారి మధ్యలో చిన్న గతుకు మాత్రం ఉంటుంది. నాణేల పరీక్షలో ఏడింటికి పలికాయి. ఇరవై ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఒక రోజు పట్టింది. పొల్లు, గుణింతాల మీటలు, క, త, ర, ల, న, మ, వ, య, స, సున్న, స్పేసు. ఎక్కువ కొట్టేవన్నీ మారాయి. మిగిలినవి నీలంగానే ఉంచాను.

ఒక స్విచ్ పెట్టేటప్పుడు కాలు మడత పడింది. సూటిగా పైనుంచి దించాలి, కొద్దిగా వంచినా రాగి కాలు నలిగిపోతుంది. పట్టకారుతో నిదానంగా సాగదీసి మళ్లీ పెట్టాను, పనిచేసింది.

రాత్రి పదకొండున్నర దాకా పని చేశాను. అమ్మ లేవలేదు.

సెప్టెంబరు 7

పెళ్లిళ్ల తాకిడి తగ్గింది. ఈ నాలుగు వారాల్లో జోడు పొల్లు ఒక్కటి కూడా పడలేదు.

టోపీలు అరుగుతున్నాయి. ఏబీఎస్ ప్లాస్టిక్, మూడు నెలలకే డి, ఎఫ్, జె మీటలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పీబీటీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ టోపీలు ఇంత త్వరగా నునుపెక్కవు, కానీ మొత్తం జత కొంటే వెయ్యికి తక్కువ లేదు. కీబోర్డు ధరలో సగం టోపీలకు పెట్టడం నాకు సమ్మతం కాదు. అక్షరాలు మాత్రం చెరగవు, రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోసి చేసినవి. తెలుగు అక్షరాలు ఎటూ లేవు, నేను చూసి కొట్టను.

చీమలు. టోపీలు తీసినప్పుడు ఎస్కేప్ మీట కింద చిన్న గుంపు కనబడింది. పండగకు ఎవరో ఇచ్చిన పూతరేకులు కీబోర్డు పక్కన పెట్టుకుని తిన్నాను, బెల్లం పొడి రాలింది. మెత్తని కుంచెతో దులిపాను. అప్పటి నుంచి రాత్రి పని ముగియగానే కీబోర్డును మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, నాలుగు సిలికా జెల్ పొట్లాలతో కలిపి పెడుతున్నాను. పొట్లాలను పదిహేను రోజులకోసారి ఎండలో పెడతాను.

అక్టోబరు 4

దసరాకు మేనల్లుడు వచ్చాడు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

కీబోర్డు 2,150, పనికొచ్చిన స్విచ్‌లు 380, మొత్తం 2,530. పాత రబ్బరు కీబోర్డులు రెండేళ్లలో మూడు, 1,350 రూపాయలు, నెలకు 56. ఆ లెక్కన ఇది 45 నెలలు నిలిస్తేనే డబ్బు రాబట్టినట్టు. డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా మెకానికల్ కీబోర్డు కొంటే ఆ ఆశ నిజం కావడానికి మూడు ముప్పావు సంవత్సరాలు ఆగాలి. వాడు ఈ అంకె చూసి కొంచెం నిరాశపడ్డాడు.

నేను పడలేదు. జూన్‌లో ఒక్క ఒత్తు లోపిస్తే 2,000 పోయింది. అది పోగా, ఆ పెద్దాయన వేలు ఆనించిన అక్షరం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. జూలై చివర ఈ కీబోర్డు కూడా చెడింది, కానీ కనబడేలా చెడింది. చెడిన చోటు మూడు నిమిషాల్లో తెలిసింది, 19 రూపాయల స్విచ్‌తో బాగైంది. రబ్బరుదైతే మొత్తం పారేయాల్సిందే. కాబట్టి నేను 1,700ది కాకుండా 2,150ది కొన్నప్పుడు పెట్టిన ఆ 450 రూపాయలే అన్నిటికంటే మంచి ఖర్చు. సాకెట్లు లేకపోతే ఆగస్టులో టంకం పెట్టుకుని కూర్చునేవాణ్ణి, లేదా ఇంకోటి కొనేవాణ్ణి.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే ఇంకో 400 కలిపి, అన్ని రకాల కాళ్లూ దూరే సాకెట్లు ఉన్నది చూస్తాను. సముద్రం, చెరువులు, కాలువలు ఉన్న ఈ నేల మీద స్విచ్ లోపలి రేకులు మూసి ఉండడం లైట్ల కంటే, వెయ్యిసార్ల లెక్క కంటే, 5 కోట్ల నొక్కుల కంటే ముఖ్యం. పక్కనున్న జిరాక్స్ షాపు కుర్రాడు 1,200కు ఒకటి కొంటానని బొమ్మ చూపించాడు. "మెకానికల్ అనుభూతి" అని ఉంది. వద్దని చెప్పాను. అంత డబ్బే ఉంటే 450 పెట్టి మామూలు రబ్బరుదే కొని, మిగిలింది దాచుకోవడం నయం.

ఆటల విషయంలో మేనల్లుడి మాట ఇది: డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీద గతుకు స్విచ్‌ల కంటే ఏ అడ్డూ లేని ఎర్రవి, 45 గ్రాములవి బాగుంటాయి. వాడు ఇక్కడ ఉన్న అయిదు రోజులూ ఆ నాలుగూ మార్చి ఆడుకున్నాడు, వెళ్లే ముందు రాత్రి నావి నాకు పెట్టేశాడు. అందుకు వాడికి పట్టింది రెండు నిమిషాలు.

అక్టోబరు 19

పొద్దున కాకినాడ నుంచి ఫోను. హాస్టల్లో వాడి స్నేహితుడి కీబోర్డులో ఏ మీట జోడు అక్షరాలు వేస్తోందట. స్క్రోల్ లాక్‌తో మార్చి చూశారట, జబ్బు స్విచ్‌దేనని తేలింది. "వాడిది అన్ని కాళ్లూ పట్టే సాకెట్ మావయ్యా, మీ దగ్గర ఆ బాక్స్ స్విచ్‌లు ఉన్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయి. ఆగస్టు నుంచి డబ్బాలో ఉన్నాయి. కాలు అరగదీసినది తీసేసి మిగిలిన తొమ్మిదింటినీ, కాళ్లు వంగకుండా థర్మోకోల్ ముక్కకు గుచ్చి, సిలికా పొట్లం ఒకటి వేసి, మధ్యాహ్నం బస్సులో పార్సిల్ పంపించాను.